ఇరుసు పిన్ను

మోటారును ట్రాలీ ఆటోలో గోనెపట్టాల మీద పడుకోబెట్టి తెచ్చారు. దించడానికి ఇద్దరు మనుషులు వంగితే మెర్లిన్ కూడా వెళ్లి ఒక పక్క పట్టింది. వాళ్లు వద్దనలేదు, పట్టమనీ అనలేదు. ఉప్పుటేరు ఒడ్డున ఉన్న ఆ రేకుల షెడ్డులో సరుగుడు దుంగల స్టాండు ఒకటుంది. దానికి మోటారును తగిలించబోతే తగల్లేదు. పడవ వెనక చెక్కను పట్టుకునే బ్రాకెట్ ఒక పక్కకు వాలి అట్లాగే బిగిసిపోయింది. మోటారు నీళ్లలోకి దిగాలన్నా, ఒడ్డుకొచ్చేటప్పుడు పైకి లేవాలన్నా ఆ బ్రాకెట్ ఒక ఇరుసు పిన్ను మీద తిరగాలి. ఆ పిన్ను ఎన్నో ఏళ్ల ఉప్పుతో అల్యూమినియంలో కరుచుకుపోయి ఉంది.

"మా తాతది. ఈ ఒడ్డున మొదటి మోటారు ఇదేనంటారు," అన్నాడు నరేంద్రబాబు. నలభై దాటిన మనిషి. ఓడల దగ్గరికి సరుకులూ మనుషులూ చేరవేసే పడవలు నడుపుతాడు. "మద్రాసులో కూడా చూపించినా. బ్రాకెట్ పగలగొట్టి తియ్యాలన్నారు. పగిలితే ఇట్టాంటిది ఇంకొకటి యాడా దొరకదు. హెబ్రోనన్న అయితే పగలకుండా తీస్తాడని చెప్పినారు."

హెబ్రోను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మోటారునే చూస్తున్నాడు. కుడిచెయ్యి ఒళ్లో ఉంది. దాని మీద తువ్వాలు కప్పింది భార్య రెబెక్కమ్మ. ఈస్టరు వెళ్లాక పక్షవాతం వచ్చి అతని కుడిపక్క చచ్చుబడింది, మాట పోయింది. కాలు కొంచెం తిరిగొచ్చింది. చెయ్యీ మాటా రాలేదు.

"గొంతు సరిగా లేదు సార్ ఆయనకి. పని మాత్రం చేస్తాడు," అంది రెబెక్కమ్మ.

నరేంద్రబాబు తువ్వాలు వంక చూశాడో లేదో తెలియలేదు. కుర్చీ దగ్గర వంగి హెబ్రోను భుజం మీద చెయ్యేశాడు. "ఆదివారం మా కొత్త షెడ్డు తెరుస్తుండామన్నా, ముత్తుకూరు రోడ్డులో. ఈ మోటారు ఆడ పడవకెక్కాల. ఇంకో మాట. షెడ్డుకు పెద్ద మేస్త్రీ కావాల నాకు. ఈ పిన్ను తీసిన చెయ్యే ఆడ ఉండాలని నా ఆశ." తర్వాత మెర్లిన్ వైపు తిరిగి, "కాసిని మంచినీళ్లు ఇస్తావామ్మా," అన్నాడు.

మెర్లిన్ నీళ్లు తెచ్చిచ్చింది. చెంబు అందుకున్నప్పుడు అతను ఆమె వేళ్ల సందుల్లో గ్రీజు చూసి చెంబును పంచె చెంగుతో ఒకసారి తుడుచుకున్నాడు.

ట్రాలీ ఆటో వెళ్లిపోయాక రెబెక్కమ్మ కూతురి దగ్గరకొచ్చింది. "నోరు జారబాక మే. ఎవురు అడిగినా నాయన చేస్తుండాడనే చెప్పు. ఆడబిడ్డ చెయ్యి పెట్టిందని తెలిస్తే సాయంత్రానికే మోటారు ఎత్తుకుపోతారు."

అది నిజమే. తండ్రి పడిపోయినప్పటి నుంచీ మెర్లిన్ రోజూ షెడ్డు తెరుస్తూనే ఉంది. చిన్నప్పటి నుంచి తండ్రి పక్కన మోటార్లు విప్పి బిగించిన చేతులే ఆమెవి. అయినా పడవలవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, "నాయన లేచినాక తెస్తాంలేమ్మా," అంటూ తమ మోటార్లు మోసుకుపోయారు. చివరి మోటారు పోయిన చోట నేల మీద నూనె మరక ఇంకా ఆరలేదు.

"పని అయినాక నేనే చెప్తానమ్మా. చేసి చూపించినాక కాదనేదెవురు?" అంది మెర్లిన్.

ఆ రోజంతా ఆమె సుత్తి ముట్టలేదు. పిన్ను తల మీద అంతకుముందు ఎవరెవరో కొట్టిన దెబ్బలకు అది పుట్టగొడుగులా విచ్చుకుని ఉంది. ఆ విచ్చుకున్న అంచును ఆకురాయితో రాస్తూ కూర్చుంది. అది పోకుండా పిన్నును నెడితే, అది దూరి ఉన్న బ్రాకెట్ చెవిని చీల్చుకుంటూ వస్తుంది. అంచు పోయాక సందులో పేరుకున్న తెల్లటి పొడిని సన్న తీగతో గీకింది. అచ్చం సున్నంలా ఉంది. డీజిల్లో బ్రేకు ఆయిలు కలిపి దూదితో సందు చుట్టూ పట్టించింది. హెబ్రోను కుర్చీలోంచి లేచి, కాలీడ్చుకుంటూ వచ్చి, ఎడమచేతి చూపుడువేలితో ఆ నూనెను తాకి వాసన చూశాడు. తల ఊపాడు.

మర్నాడు మంట పెట్టింది. అల్యూమినియం ఇనుములా ఎర్రబడి హెచ్చరించదు. చూస్తూండగానే మెత్తబడి కారిపోతుంది. అందుకని బ్రాకెట్ మీద బట్టల సబ్బుతో గీత గీసి, గ్యాస్ మంటను చెవి చుట్టూ తిప్పుతూ ఆ గీతనే చూస్తోంది. గీత నల్లబడిందంటే వేడి చాలినట్టే. నల్లబడగానే మంట తీసి, కొవ్వొత్తిని సందుకు ఆనించింది. మైనం కరిగి లోపలికి ఇంకిపోయింది. చెవి కింద చెక్కదిమ్మ ఆనించి, పిన్ను మీద ఇత్తడి కడ్డీ నిలబెట్టి కొట్టింది. మళ్లీ మంట, మళ్లీ మైనం, మళ్లీ దెబ్బ. కదిలే పిన్ను దెబ్బకొక రకంగా పలుకుతుంది. ఇది మాత్రం బండరాయి మీద కొట్టినట్టు ఒకే చప్పుడు చేస్తోంది.

ఆ చప్పుడు హెబ్రోను భరించలేకపోయాడు. లేచి వచ్చి ఎడమచెయ్యి చాపాడు.

"వద్దు నాయనా. నేను చూసుకుంటాగా."

చెయ్యి అట్లాగే చాపి నిలబడ్డాడు. ఆ చేతికి సుత్తి ఇవ్వనని చెప్పడం ఆమెకు రాలేదు. కడ్డీని తను పట్టుకుని సుత్తి ఇచ్చింది. మొదటి దెబ్బ కడ్డీ మీద సూటిగానే పడింది. అతని ముఖం వెలిగింది. రెండో దెబ్బ జారి బ్రాకెట్ చెవి మీద పడింది.

మెర్లిన్ మెల్లగా అతని వేళ్లు విప్పి సుత్తి తీసుకుంది. దెబ్బ తగిలిన చోట గుడ్డతో కిరసనాయిలు రాసి, పైన పొడిగా తుడిచేసి, సుద్దముక్క రుద్దింది. కాసేపటికి తెల్లటి సుద్ద మీద వెంట్రుకలాంటి తడి గీత తేలింది. చెవి పగులిచ్చింది.

గీతను అరచేత్తో కప్పబోయింది కానీ హెబ్రోను అప్పటికే చూశాడు. అతను కుర్చీని ఎడమచేత్తో ఈడ్చుకుని, ఏటి వైపు తిప్పుకుని, మోటారుకు వీపు పెట్టి కూర్చున్నాడు.

మధ్యాహ్నం అన్నానికి పిలిచినా మెర్లిన్ లేవలేదు. ఏటి అవతల కరెంటు ఫ్యాక్టరీ గొట్టం పొగ వదులుతోంది. ఆరేసిన వలల మీద సన్నటి బూడిద పడుతోంది. మోటారు తిరిగిచ్చేసి, మా వల్ల కాలేదని చెప్పడమొక్కటే మిగిలిందనుకుంది. అప్పుడు నాయన చేతిలో పగిలిందని ఊరంతా చెప్పుకుంటారు. తన పేరు ఎట్లాగూ లేదు. ఇకపై ఆయన పేరు కూడా ఉండదు.

సాయంత్రం రెబెక్కమ్మ పళ్లెంలో అన్నం తెచ్చి ముందు పెట్టినప్పుడు, "ఇంక కొట్టకూడదమ్మా. జాకీ పెట్టి నెట్టినా చెవి విరిగిపోతాది. పిన్నునే లోపల్నుంచి తొలిచెయ్యాల," అంది మెర్లిన్. ఆ మాట తల్లికి చెప్పినట్టు లేదు. అన్నం రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకుంది.

తొలవడంలో చిక్కు ఏమిటంటే పిన్ను ఉక్కు, చుట్టూ ఉన్నది మెత్తటి అల్యూమినియం. డ్రిల్లు బిట్టు ఎప్పుడూ మెత్తటి వైపుకే జారుతుంది. జారకుండా దారి చూపడానికి లోపల సన్న రంధ్రమున్న ఇనుప బుష్షు ఒకటి కావాలి. దానికోసం పొద్దున్నే ముత్తుకూరులో మాథ్యూ లేతు షాపుకు వెళ్లింది.

మాథ్యూ కొలతలు చూసి, "పని తెలిసినోళ్ల లెక్క ఇది. తొలిచేదెవురు?" అన్నాడు.

"నాయన," అంది మెర్లిన్, లేతు మీంచి చుట్టలు చుట్టలుగా రాలుతున్న ఇనుప పొట్టును చూస్తూ.

"చెయ్యి వచ్చిందా?"

"వస్తుండాది."

మాథ్యూ ఇంకేమీ అడగలేదు. బుష్షు చల్లారాక కాగితంలో చుట్టి ఇచ్చాడు. "నాయన్ని అడిగినానని చెప్పమ్మా," అన్నాడు.

ఆ రోజూ మర్నాడూ తొలిచింది. ముందు సన్న బిట్టు, తర్వాత దానికంటే లావుది, ఆ తర్వాత ఇంకా లావుది. ఒక చుక్క నూనె, కాసేపు డ్రిల్లు, పొట్టు ఊదడం, మళ్లీ చుక్క నూనె. అరచేతుల్లో బొబ్బలు లేచి చితికాయి. మొదటిరోజు మధ్యాహ్నం వెనక నుంచి కుర్చీ కిర్రుమన్న చప్పుడైంది. హెబ్రోను వచ్చి పక్కన నిలబడి ఎడమ అరచేతిని బ్రాకెట్ మీద పరిచాడు. మెర్లిన్ డ్రిల్లు నడుపుతోంది. ఒకచోట ఆ అరచెయ్యి ఠక్కున పైకి లేచింది. మెర్లిన్ ఆపింది. బిట్టు తీసి చూస్తే రంధ్రం అడుగున అల్యూమినియం మెరుపు కనిపించీ కనిపించనట్టు ఉంది. ఇంకొక్క తిప్పు తిరిగితే బ్రాకెట్‌ను తినేసేది. బుష్షు సరిచేసి మళ్లీ మొదలుపెట్టింది. ఆ తర్వాత ఆ చెయ్యి బ్రాకెట్ మీదే ఉంది. ఆమె దాన్ని చూస్తూనే తొలిచింది.

శనివారం ఎండ తగ్గేసరికి పిన్ను లోపలంతా డొల్లయి, కాగితమంత పలచటి పెంకు మిగిలింది. సన్న ఉలితో దాని అంచును లోపలికి మడిచి, పట్టకారుతో పట్టి లాగింది. ఎండిన ఆకులా చుట్టుకుని బయటికొచ్చింది. వెనకే తెల్లటి పొడి జలజలా రాలింది. హెబ్రోను ఎడమచేత్తో బ్రాకెట్‌ను నెట్టాడు. అది తిరిగింది. వెనక్కి లాగాడు. మళ్లీ తిరిగింది.

అతని గొంతులోంచి చప్పుడొకటి వచ్చింది. "ఈసినా…"

మాట చివర నోట్లోనే ఉండిపోయింది. తీసినావు అంటున్నాడనుకుంది మెర్లిన్. పొట్టు అంటుకున్న చేత్తోనే కళ్లు తుడుచుకుంది.

పగులు చివర చిన్న రంధ్రం తొలిచి, అది ఇంక పాకకుండా చేసింది. పెట్టెలో సరిపడే కొత్త పిన్ను వెతికి, గ్రీజు పట్టించి ఎక్కించింది. కార్బొరేటర్ విప్పి కడిగి, నీళ్ల డ్రమ్ములో మోటారును దించి తాడు లాగింది. చాలాసార్లు దగ్గి, నీలం పొగ కక్కి, చివరికి ఇంజను అందుకుంది. ఆ చప్పుడుకు ఏటి ఒడ్డున వలలు బాగుచేసుకునే వాళ్లు తలలెత్తి చూసి, "హెబ్రోను లేచినాడ్రా," అనుకున్నారు.

ఆదివారం ఆరాధన ముగిశాక ముగ్గురూ ముత్తుకూరు రోడ్డుకు వెళ్లారు. మెర్లిన్ పండక్కి కట్టే చీర కట్టుకుంది. చెప్పాల్సిన మాటలు ఆటోలోనే కూడబలుక్కుంది. కొత్త షెడ్డు ముందు షామియానా వేశారు. పాస్టరుగారు ప్రార్థన చేశారు, పూజారి కొబ్బరికాయ కొట్టాడు. వెనక కాలవలో పడవకు తగిలించిన పాత మోటారు ఒక్క లాగుకే అందుకుంటే జనం చప్పట్లు కొట్టారు. నరేంద్రబాబు మోటారును తనే ఎత్తి దించి చూపించాడు.

"మద్రాసు వాళ్లు చేతులెత్తేసిన పని ఇది," అన్నాడు మైకులో. కళ్లు చెమర్చినట్టున్నాయి. "మా తాత చెయ్యి పెట్టిన ఇనుము మళ్లీ తిరుగుతుండాది. ఎవురు తీసినారు దీన్ని?"

మెర్లిన్ ఒక అడుగు ముందుకు వేసింది. నరేంద్రబాబు నవ్వుతూ ఆమెను దాటి వెళ్లి, మైకును హెబ్రోను నోటి దగ్గర పెట్టాడు. "నువ్వు చెప్పన్నా. ఎవురు తీసినారు?"

హెబ్రోను పెదవులు వణికాయి. మెడ నరాలు తేలాయి.

"నేనే," అన్నాడు.

స్పష్టంగా, పగుల్లేకుండా వచ్చింది ఆ మాట. పక్షవాతం వచ్చాక అతని నోటి నుంచి వచ్చిన మొదటి పూర్తి మాట. రెబెక్కమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, "దేవా," అని ఏడ్చేసింది. నరేంద్రబాబు షెడ్డు తాళాల గుత్తి హెబ్రోను ఎడమచేతిలో పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మెర్లిన్ కూడా కొట్టింది. అరచేతుల్లో చితికిన బొబ్బలు మండాయి.

ఇంటికొచ్చాక ఆమె తండ్రి ముఖం చూడలేదు. సోమవారం పొద్దున అతన్ని తీసుకుపోవడానికి కారొచ్చింది. రెబెక్కమ్మ చొక్కా ఇస్త్రీ చేసి తొడిగింది. పనిముట్ల పెట్టె కారులోకెక్కింది. అందులో ఇత్తడి కడ్డీ, ఆకురాయి, బుష్షు అన్నీ పోయాయి. హెబ్రోను వాకిట్లో నిలబడి, లోపలికి తిరిగి ఏదో అంటున్నాడు. మెర్లిన్ వినిపించుకోలేదు.

"పోనీలే మే," అంది రెబెక్కమ్మ కారు వెళ్లాక. "ఎవురి పేరైతే ఏంది? కూడు ఒకటే గదా."

"కూడు ఒకటేలేమ్మా," అంది మెర్లిన్. షెడ్డులోకి వెళ్లి నేల మీది ఇనుప పొట్టు ఊడ్చింది. ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చింది. ఆ రాత్రి తండ్రికి అన్నం తల్లే పెట్టింది.

మంగళవారం మధ్యాహ్నం ఫోనొచ్చింది. కొత్త షెడ్డులో ఫిట్టరుగా చేరిన ఫ్రెడ్డీ మాట్లాడాడు. "అక్కా, సారు మిమ్మల్ని రమ్మంటుండాడు. నాయన్ని తీసకపోవాలంట."

వెళ్లేసరికి హెబ్రోను గోడవార స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా చెమటకు వీపుకంటుకుంది. పనిముట్ల పెట్టె కాళ్ల దగ్గరుంది. విప్పేసిన మోటారొకటి బల్ల మీద ఉంది.

"ఏమైంది ఫ్రెడ్డీ?"

ఫ్రెడ్డీ గొంతు తగ్గించాడు. "ఏం అడిగినా ఒకటే మాటక్కా. ఏ స్పానరు కావాలన్నా అంటే నేనే అంటాడు. అన్నం తింటావా అంటే నేనే. దాహమేసినా నేనే. నిన్నట్నుంచీ ఇంకో మాట లేదు."

మెర్లిన్ తండ్రి వైపు చూసింది. రెండు రోజుల తర్వాత చూడటం. అతను ఆమెనే చూస్తున్నాడు.

నరేంద్రబాబు లోపల్నుంచి వచ్చాడు. అతని ముఖంలో కోపం లేదు. "నాయనకు ఇంత బాగలేదని చెప్పి ఉండాల్సిందమ్మా. నాదీ తప్పే, చూసుకోలేదు. కష్టపెట్టినా ఆయన్ని."

"సార్, ఆ పిన్ను నాయన తియ్యలేదు. నేను తీసినా," అంది మెర్లిన్.

అతను ఆమెను జాలిగా చూశాడు. "మాథ్యూని అడిగినానమ్మా. బుష్షు ఆయన దగ్గరే చేయించినారంట గదా. తొలిచేది నాయనేనని నువ్వే చెప్పినావంట ఆయనకి. నాయన చెయ్యి చూస్తే దాంతో అయ్యే పని కాదు. ఇంక మిగిలింది ఎవురు? మాథ్యూ మొహమాటానికి బుష్షు ఒక్కటే చేసినానంటుండాడు. రేపట్నుంచి ఆయన్ని రమ్మన్నా."

"బుష్షు ఆయన చేసినాడు సార్. తొలిచింది నేను. అమ్మ వద్దంటే నాయన పేరు చెప్పినా. పగులు చివర రంధ్రం పెట్టింది కూడా నేనే. కావాలంటే ఆ మోటారు ఇట్టివ్వండి, నేను విప్పి చూపిస్తా."

"నీ బాధ అర్థమవతాదమ్మా. ఇంట్లో పని పోకూడదని చెప్తుండావు. నేనేం అనుకోను. ఇట్టాంటి మాటలు మాత్రం వద్దు, మాథ్యూకి తెలిస్తే నొచ్చుకుంటాడు."

మెర్లిన్ తండ్రి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "నాయనా, చెప్పు. ఎవురు తీసినారు? నేను తీసినానా?"

హెబ్రోను గట్టిగా తల ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు.

నరేంద్రబాబు కూడా వంగి, "మాథ్యూ తీసినాడా అన్నా?" అని మెత్తగా అడిగాడు. హెబ్రోను తల ఇంకా ఊగుతూనే ఉంది. ఆపుకోబోయాడు కానీ సమయానికి ఆగలేదు. నరేంద్రబాబు నిట్టూర్చి లేచాడు.

అప్పుడు హెబ్రోను ఎడమచేత్తో కూతురి మణికట్టు పట్టుకున్నాడు. స్టూలు మీంచి లేచి, ఒరిగిపోతూ, ఆ చేతిని అందరికీ కనిపించేంత ఎత్తుకు ఎత్తాడు. చితికిన బొబ్బలతో, గ్రీజు పోని గీతలతో ఆమె అరచెయ్యి గాలిలో నిలబడింది.

"నేనే," అన్నాడు. నుదుట చెమట కారుతోంది. "నేనే. నేనే."

ఆదివారం మైకు ముందు కూడా తండ్రి వెతికింది కూతురి పేరు కోసమేనని మెర్లిన్‌కు అప్పుడు అర్థమైంది. సోమవారం వాకిట్లో నిలబడి ఏమన్నాడో కూడా.

"ఇంటికి పోదామంటుండాడు. తీసకపోమ్మా, అలిసిపోయినాడు," అన్నాడు నరేంద్రబాబు. ఫ్రెడ్డీ పనిముట్ల పెట్టె తీసుకొచ్చి ఆటోలో పెట్టాడు.

ఆటో ముత్తుకూరు రోడ్డెక్కింది. ఎదురుగా బూడిద లారీలు వరసగా వస్తున్నాయి. హెబ్రోను ఆమె మణికట్టు వదల్లేదు. ఎత్తిన చేతిని దించలేదు కూడా. పక్కన స్కూటర్ల మీద పోయేవాళ్లు ఇద్దరినీ వింతగా చూసి పోతున్నారు.

"నేనే," అన్నాడు మళ్లీ.

"అవును నాయనా. నువ్వే," అంది మెర్లిన్, అతన్ని ఊరుకోబెట్టాలని.

హెబ్రోను తల అడ్డంగా ఊపాడు. నోరు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. ఇల్లు వచ్చేదాకా తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు.